నాలుగో చుక్క

ఫోన్ మోగేసరికి నూకరత్నం చేతులకి రబ్బరు తొడుగులు వేసుకుని, ఆ వారం టపాలో వచ్చిన అట్టల్ని వరసపెడుతోంది. ఒక్కొక్క అట్ట మీద నాలుగేసి సున్నాలు, ఒక్కొక్క సున్నాలో ఎండి గోధుమరంగుకు తిరిగిన నెత్తుటి చుక్క. అన్నీ పసిపిల్లల మడమ పొడిచి తీసినవే. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ పని అదే. విశాఖపట్నంలో అలాంటి పరిశోధనశాల ఒకటుందని ఊళ్ళో చాలామందికి తెలీదు గాని, ఇచ్ఛాపురం నించి తుని దాకా ఏ ఆస్పత్రిలో పసిబిడ్డ కారణం తెలీకుండా వాడిపోయినా, ఆ బిడ్డ నెత్తురు ఆఖరికి ఆవిడ బల్ల మీదికే వచ్చేది.

ఫోన్ చేసింది పిల్లల ఆస్పత్రి డాక్టరు.

"పలాస నించి ఒక పాపని తీసుకొచ్చారండీ. పుట్టి ఎనిమిది రోజులు. తల్లి పేరు హైమావతి. మీకు తెలుసంటోంది."

నూకరత్నం చేతిలోని అట్ట బల్ల మీద పెట్టేసింది. తెలియకపోవడమేం?

రెండేళ్ళ కిందట హైమావతికి మొదటి బిడ్డ పుట్టాడు. నిగనిగలాడే మగపిల్లాడు. నాలుగు రోజులు బాగానే పాలు తాగాడు. అయిదో రోజున మత్తుగా పడుకున్నాడు. తరవాత రొమ్ము పట్టడం మానేశాడు. జిల్లా ఆస్పత్రివాళ్ళు మడమ పొడిచి అట్ట పంపారు. అట్ట ఇక్కడికి చేరి, నూకరత్నం మొదటి చుక్కని పరీక్షకి పెట్టిన రోజునే, పదిహేడు రోజుల వయసులో, పిల్లాడు పోయాడు.

చచ్చిపోయిన బిడ్డ సంగతి అలా ఉంచి, బతికున్న తల్లిని ఊరు పట్టుకుంది. హైమావతి జీడిపిక్కల బట్టీలో పని చేసేది. పిక్క తొక్కలోని జిడ్డు ఎంత కడిగినా పోదు, వేళ్ళు నల్లగా కాలి తోలు లేస్తాయి. ఆ చేతుల్తో బిడ్డని ముట్టుకుంది, ఆ చేతుల్తో పాలు పట్టింది, ఆ విషమే లోపలికి పోయిందన్నారు. ముందుగా అన్నది అత్త ఎర్రమ్మ. అత్తంటే వరసకు వచ్చిన అత్త కాదు, హైమావతి తండ్రికి తోడబుట్టిన సొంత మేనత్త. మేనరికం.

నెల తిరక్కుండా హైమావతి ఒక్కత్తీ రైలెక్కి పరిశోధనశాలకి వచ్చింది. గేటు దగ్గర రెండు గంటలు నిలబడి నూకరత్నాన్ని పట్టుకుంది.

"నా కొడుకు నెత్తురు మీకాడ ఉందట గదా మేడమ్. నాకిచ్చేయండి."

"ఏం చేసుకుంటావమ్మా?"

"దాసుకుంటాను. ఒక ఫొటో కూడా తియ్యనేదండి. ఇరవయ్యొకటో రోజున పేరెట్టి తీద్దారనుకున్నాం. ఆడిదేటీ నాకాడ నేదు."

కారణం తేలనిదే అట్ట బయటికి వెళ్ళకూడదన్నది నియమం. నూకరత్నం ఆ మాట చెప్పింది. చెప్పి, ఆ అమ్మాయి ముఖం చూడలేక, "తేలాక నేనే ఇస్తాను. నాది పూచీ" అంది. ఆ రోజే అట్ట మూల పెన్సిలుతో 'తల్లికి' అని రాసి, చలిపెట్టెలో విడిగా పెట్టింది.

అప్పటికి రెండు చుక్కలు అయిపోయాయి. మామూలు పరీక్షల్లో పిల్లాడి నెత్తురులో ఆమ్లం విపరీతంగా ఉందని మాత్రం తెలిసింది. పాలల్లోని మాంసకృత్తులు ఒంట్లోకి వెళ్ళాక మెట్టుమెట్టుగా విరిగి కిందికి దిగాలి. ఏదో ఒక మెట్టు పాడైతే సరుకు దిగకుండా అక్కడే పేరుకుని ఆమ్లమై బిడ్డని ముంచేస్తుంది. ఏ మెట్టు అన్నది ఆ పరీక్షలు చెప్పలేకపోయాయి.

అది చెప్పగలిగే యంత్రాన్ని తయారుచేస్తున్నది డాక్టర్ ఫిరోజా. నూకరత్నం కన్నా పదేళ్ళు చిన్నది, పరిశోధనశాలకి పెద్ద. ఎండిన విత్తనం తడి తగిలి లేచినట్టు, ఎండిన నెత్తురుని లేపడం ఆవిడ తలకెత్తుకున్న పని. లేచిన నెత్తురు బిడ్డ ఒంట్లో ఎలా పనిచేసేదో గాజుపలక మీద కూడా అలాగే పనిచెయ్యాలి. పలక మీద వెంట్రుకంత సన్నని కాలవలు, ఏడు గదులు. మొదటి గదిలో మాంసకృత్తు ముక్కని పడేస్తారు. నెత్తురు దాన్ని విరిచినప్పుడల్లా ఆ గది నీలంగా వెలిగి, సరుకు పక్క గదిలోకి పోతుంది. ఎక్కడ వెలుగు ఆగిందో అక్కడ మెట్టు విరిగిందన్నమాట. లేచిన చుక్క నలభై నిమిషాలు బతుకుతుంది. తరవాత మళ్ళీ లేవదు. పరిశోధనశాలలో అందరూ దాన్ని మేలుకొలుపు అనేవారు.

ఆ యంత్రం మొదటి నమూనా మీద మూడో చుక్కని పెట్టింది నూకరత్నమే. వేడి తొందరగా ఎక్కించింది. మూడు గంటల్లో ఎక్కించాల్సింది పది నిమిషాల్లో ఎక్కించింది. పలక మీద చుక్క ముద్దగా ముడుచుకుపోయింది. ఒక్క గదీ వెలగలేదు. ఎవరూ తప్పుపట్టలేదు. ఆవిడ మాత్రం ఆ తరవాత ఏడాదిన్నర పాటు, ఊరూ పేరూ లేని పాత అట్టల మీద, తన చేతిని తానే మలుచుకుంది. ఇప్పుడు వందలో తొంభై చుక్కలు ఆవిడ చేతిలో లేస్తున్నాయి.

"పాప రక్తం పంపించండి. ఈ రోజే పెడతాను" అంది నూకరత్నం ఫోన్లో.

"అదేనండీ ఇబ్బంది. అక్కడ ప్రాణం నిలబెట్టడానికి ఒంట్లో నెత్తురంతా మార్చేశారు. మంచిపనే చేశారు, లేకపోతే ఇక్కడి దాకా వచ్చేది కాదు. కాని అంతకు ముందు అట్ట తియ్యలేదు, ఇప్పుడు పాప ఒంట్లో ఉన్నది దాతది. మీరు పరీక్ష చేస్తే దాత ఆరోగ్యంగా ఉన్నాడని తేలుతుంది."

"జన్యువులు చదివించారా?"

"బుగ్గ లోపలి పొర తీసి చదివించాం. నాలుగో మెట్టు దగ్గరా, అయిదో మెట్టు దగ్గరా రెండుచోట్లా అక్షరాలు తేడాగా ఉన్నాయి. ఇదివరకు ఎవరిలోనూ చూడని తేడాలు. ఏది జబ్బో, ఏది ఊరికే తేడాయో తెలీడం లేదు. చర్మం ముక్క పెంచి చూద్దామంటే అయిదు వారాలు పడుతుంది. ఆమ్లం మళ్ళీ పెరుగుతోందండీ. రేపు సాయంత్రం దాకా ఆపగలనేమో."

నాలుగో మెట్టు పాడైతే ఒక విటమిన్ పెద్ద మోతాదులో ఇస్తే చాలు, సాధారణంగా ఆ మెట్టు కదులుతుంది. అయిదోది పాడైతే అదే విటమిన్ పైనించి సరుకుని ఇంకా జోరుగా తోస్తుంది. విషం రెట్టింపవుతుంది. మందు ఒకటే, బతికించినా చంపినా.

నూకరత్నం చలిపెట్టె తెరిచి మూల 'తల్లికి' అని రాసి ఉన్న అట్టని చూసింది. మూడు సున్నాలు ఖాళీ. నాలుగోదాంట్లో చుక్క ఉంది.

ఫిరోజా వెనకాల వచ్చి నిలబడింది. "ఆ జబ్బున్న నెత్తురు కల్తీ లేకుండా ప్రపంచంలో ఇదొక్కటే ఉంది నూకరత్నం గారూ. అట్ట మనది. కాగితాల ప్రకారం ఎవరినీ అడగక్కర్లేదు."

"అడుగుతాను."

"కాదంటే?"

"కాదందని మీకొచ్చి చెప్తాను."

ఫిరోజా కారు తాళాలు తీసి ఆవిడ చేతికిచ్చింది.

ఆస్పత్రి వరండాలో హైమావతి నేల మీద గోడకి చేరబడి కూచుంది. పక్కనే మొగుడు ఢిల్లేశు. కొంచెం ఎడంగా, కొంగు నోటికడ్డం పెట్టుకుని ఎర్రమ్మ. అద్దం వెనకాల గొట్టాల మధ్య పాప పిడికెడు ఉంది. నూకరత్నాన్ని చూడగానే హైమావతి లేచింది.

నూకరత్నం ఏమీ దాచకుండా చెప్పింది. చెల్లెలి జబ్బు ఏదో అన్న నెత్తురే చెప్పాలని, అందుకు మిగిలిన ఆ ఒక్క చుక్కా కరిగిపోతుందని.

"అది పోతే ఇంకేటీ మిగలదు గదండి?"

"మిగలదమ్మా."

"కచ్చితంగా తెలుస్తాదా?"

"తెలియొచ్చు, తెలియకపోవచ్చు. మూడో చుక్క నా చేతిలోనే పాడైంది. తొందరపడ్డాను. ఆ రోజు సరిగ్గా చేసుంటే ఈ పాప పుట్టకముందే మందు తెలిసుండేది. నీకు చెప్పలేదు. చెప్పే ధైర్యం లేకపోయింది."

ఢిల్లేశు తలెత్తి ఆవిడ వంక చూశాడు. ఎర్రమ్మ కొంగు నోటి మీంచి జారింది. హైమావతి మాత్రం చాలాసేపు నూకరత్నం చేతుల కేసే చూసింది. ఏళ్ళ తరబడి రబ్బరు తొడుగుల లోపల ఉండి, పొడి పట్టి తెల్లగా, చెమ్మచెమ్మగా నలిగిన చేతులు. తరవాత తన నల్లటి వేళ్ళు చూసుకుంది.

"ఇప్పుడు సెయ్యడం వచ్చినాదా?"

"వచ్చింది."

"అయితే సెయ్యండి. నాను మీ పక్కన కూకుంటాను. ఆడి ఆఖరి సుక్క నాను సూడకుండా పోకూడదు."

పరిశోధనశాలలోకి బయటివాళ్ళు రాకూడదు. ఫిరోజా ఆ నియమం సంగతి ఎత్తకుండా, హైమావతికి తల టోపీ, తెల్లకోటు తనే తొడిగి ముక్కాలిపీట వేసింది.

మధ్యాహ్నం పన్నెండున్నరకి నూకరత్నం చుక్క మధ్యలోంచి మిరపగింజంత బిళ్ళని కత్తిరించింది. గాజుపలక మీద పెట్టి, పంచదార పాకంలాంటి ద్రవంతో తడిపింది. అక్కణ్ణించి మూడు గంటలు వేడి ఎక్కించడమే. ఒక్కొక్క డిగ్రీకి అయిదేసి నిమిషాలు. యంత్రానికి వదిలెయ్యొచ్చు గాని వదల్లేదు. మీట మీద చెయ్యి తియ్యలేదు. హైమావతి కదల్లేదు. ఒక్కసారి మాత్రం, "సలేస్తాదేటి ఆడికి?" అని అడిగింది. "ఇప్పుడిప్పుడే వెచ్చబడుతున్నాడు" అంది నూకరత్నం.

మూడున్నరకి గోధుమరంగు బిళ్ళ అంచు ఎర్రబడింది. ఎరుపు లోపలికి పాకింది. చూస్తుండగానే అది మడమ లోంచి అప్పుడే వచ్చిన చుక్కలా నిండుగా, నిగారింపుగా అయింది. హైమావతి గుప్పిట నోట్లో పెట్టుకుంది.

"లేచింది" అంది ఫిరోజా. "నలభై నిమిషాలు."

మొదటి గదిలో సరుకు వేశారు. వెంటనే నీలం వెలుగు. రెండో గది. మూడో గది. వెలుగు అడుగులు వేసుకుంటూ పోతోంది. హైమావతి గుప్పిట తీసి, "పని సేస్తన్నాడు నా కొడుకు" అంది గొణుగుతున్నట్టు.

నాలుగో గది వెలగలేదు.

నిమిషం చూశారు. రెండు నిమిషాలు చూశారు. మూడో గదిలో నీలం చిక్కబడి పేరుకుంటోంది, నాలుగు నల్లగా ఉంది. ఫిరోజా విడిగా అయిదో గదిలో ఇంకో సరుకు వేసింది. అది భగ్గుమని వెలిగి ఆరో గదిలోకి, ఏడో గదిలోకి పోయింది. అయిదో మెట్టు బాగానే ఉంది.

"నాలుగే" అంది ఫిరోజా. "నూకరత్నం గారూ, నాలుగే!"

అయినా ఆనందపడే వేళ కాలేదు. ఆ మెట్టు విటమిన్‌తో కదిలే రకమో, అసలు కదలనంతగా పాడైపోయిన రకమో చూడాలి. నూకరత్నం విటమిన్ చుక్కని సూదిమొనతో నాలుగో గదిలో వదిలింది. గడియారం పదిహేడు నిమిషాలు మిగిలాయంటోంది. పన్నెండు. ఎనిమిది. చుక్క అంచుల్లో ఎరుపు తగ్గి గోధుమరంగు మొదలయింది. ఫిరోజా పెదవి కొరుక్కుంటోంది. నూకరత్నం యంత్రం మీద వేడి అంకె చూసింది. మళ్ళీ వేడి పెంచుదామా? ఒక్క డిగ్రీ? వేలు మీట మీదికి పోయింది. పోయి, ఆగింది. తొందరపడకూడదు. ఈ ఒక్కసారికి తొందరపడకూడదు.

అయిదు నిమిషాలుండగా నాలుగో గది అడుగున నూలుపోగంత నీలం కనిపించింది.

ముందు అది కళ్ళ భ్రమేమో అనుకుంది. పోగు దారమైంది, దారం పాయ అయింది. నాలుగో గది నిండింది. కట్ట తెగినట్టు పేరుకున్న సరుకంతా అయిదులోకి, ఆరులోకి, ఏడులోకి దూకింది. ఏడు గదులూ ఒక్కసారిగా వెలిగి, ఆ నీలం ముగ్గురి ముఖాల మీదా పడింది.

నూకరత్నం ఫోన్ తీసి ఒక్క మాట అంది. "నాలుగో మెట్టు, డాక్టరు గారూ. విటమిన్ ఇచ్చెయ్యండి."

తిరిగి చూసేసరికి పలక మీద చుక్క ఎండిపోయి రంగు లేని పొరలా అయింది. ఏడు గదులూ ఆరిపోయాయి. హైమావతి వంగి దాని మీదికి ముఖం తెచ్చి, "ఎల్లిరా నాన్నా" అంది. అప్పుడు ఏడ్చింది. రెండేళ్ళ ఏడుపూ ఏడ్చింది. నూకరత్నం తొడుగులు పీకేసి ఆ అమ్మాయిని దగ్గరికి తీసుకుంది. హైమావతి ఆవిడ భుజంలో ముఖం దాచుకుని, మేడమ్ అనడం మరిచిపోయి, సొంత అక్కని పిలిచినట్టు "అప్పా, అప్పా" అంది.

మర్నాడు పొద్దున్నకి పాప ఆమ్లం సగానికి దిగింది. సాయంత్రానికి కళ్ళు తెరిచింది. మూడో రోజున గొట్టం తీసేసి పాలసీసా పెడితే, కరువులోంచి వచ్చినట్టు పట్టుకుంది. కొలిచిన పాలే, ప్రత్యేకంగా కలిపినవే గాని, పాలే.

ఆ రోజు నూకరత్నం ఆస్పత్రికి వెళ్ళి ముగ్గుర్నీ కూచోబెట్టి చెప్పింది.

"ఈ లోపం సగం తండ్రి నించి వస్తుంది, సగం తల్లి నించి. రెండు సగాలూ ఒకే బిడ్డలో కలిస్తేనే జబ్బు. సగమే ఉన్నవాళ్ళకి ఏమీ కాదు, ఉన్నట్టు కూడా తెలీదు. జీడిపిక్కలకీ దీనికీ ఏ సంబంధమూ లేదు. హైమ చేతులు ఏ పాపమూ చెయ్యలేదు."

ఢిల్లేశు భార్య చెయ్యి పట్టుకున్నాడు. ఎర్రమ్మ లేచి వరండా చివరికి వెళ్ళిపోయింది. కాసేపటికి నూకరత్నం వెళ్ళి చూస్తే కిటికీ చువ్వలు పట్టుకుని నిలబడి ఉంది.

"ఏమ్మా, నా మాట నమ్మబుద్ధి కాలేదా?"

"నమ్మినానమ్మా." "ఈ ఢిల్లేశుకి ముందు నాకిద్దరు పోనారు. ఒకడు ఆరో రోజున, ఒకర్తి పద్నాలుగో రోజున. ఇలాగే మత్తుగా తొంగుని తొంగునే ఎల్లిపోనారు. నా పాలు ఇసమన్నాది మా అత్త. ఈడు పుట్టినప్పుడు నా రొమ్ము ఇయ్యనివ్వనేదు, ఊళ్ళో ఇంకోర్తి పాలు పట్టినారు. ఈడు బతికినాడు. అంటే మా అత్త మాట నిజమే గదా అనుకున్నాను. ముప్పయ్యేళ్ళు అనుకున్నాను."

"నీ పాలల్లో ఏమీ లేదు. ఢిల్లేశుకి సగమే వచ్చింది, అందుకు బతికాడు. నీ పాలు తాగినా బతికేవాడు."

ఎర్రమ్మ కళ్ళు తుడుచుకోలేదు. గబగబా వెనక్కి నడిచి, కోడలి ముందు నేల మీద కూలబడింది. హైమావతి నల్లటి వేళ్ళు రెండు చేతుల్తో పట్టుకుని తన చెంపలకి ఆనించుకుంది.

"నన్నన్న మాటే నిన్నన్నానే అమ్మీ. నాకు తగిలిన దెబ్బే నీకేసినాను."

"లే అత్తా, లే. పాప సూస్తంది" అంది హైమావతి. నిజంగానే పాప కళ్ళు విప్పి అటే చూస్తోంది.

మేలుకొలుపు సంగతి ఆ ఏడాది అన్ని ఆస్పత్రులకీ తెలిసింది. చలిపెట్టెల్లో ఏళ్ళ తరబడి పేరు లేని జబ్బులతో పడున్న అట్టల్ని ఒక్కొక్కటీ లేపడం మొదలుపెట్టారు. ఇప్పుడు ప్రతి అట్టకీ ముందు ఇంటివాళ్ళని అడుగుతారు. ఆ నియమం రాసింది ఫిరోజా, రాయించింది నూకరత్నం. ఆ వేసంగి లోపల పదకొండు ఇళ్ళకి ఆవిడ స్వయంగా ఫోన్ చేసి, మీ తప్పేమీ లేదని చెప్పింది. కొందరు ఏడ్చారు. ఒకాయన ఫోన్ పెట్టేసి, మర్నాడు మళ్ళీ చేసి, "ఇంకొకసారి చెప్పండి, మా ఆవిడ వింటుంది" అన్నాడు.

పాపకి మూడేళ్ళు నిండిన ఏడు నూకరత్నం పలాస వెళ్ళింది. ఆ చుట్టుపక్కల నర్సులకి అట్టలు తియ్యడం నేర్పాలి. దిగింది హైమావతి ఇంట్లోనే. పాప వీధిలో కోడిపిల్లల వెంట పరిగెడుతోంది. ఎర్రమ్మ వెనకాల కూరన్నం గిన్నె పట్టుకుని, "కొలిసి పెట్టిందంతా తినాల, ఒక్క మెతుకు తగ్గకూడదు" అని అరుస్తూ పరిగెడుతోంది. హైమావతి బట్టీ మానేసింది. పాప మడమ వారం వారం పొడిచి, అట్ట ఆరబెట్టి, టపాలో వెయ్యడం నూకరత్నమే నేర్పింది. అది చూసి ముందు పక్కింటివాళ్ళు వచ్చారు. తరవాత పక్క ఊళ్ళవాళ్ళు. ఇప్పుడు నర్సులు కూడా పసిబిడ్డల్ని ఆమె దగ్గరికే పంపుతున్నారు.

ఇద్దరూ టీ తాగుతుండగా మందస వైపు నించి ఒక ఆటో వచ్చి ఆగింది. ఇరవయ్యేళ్ళ పిల్ల, ఒళ్ళో మూడు రోజుల బిడ్డతో దిగింది. గుమ్మంలోకి రాకుండానే బావురుమంది.

"ఈ బిడ్డకి ముందు నాకిద్దరు పోనారమ్మా. నాను ముట్టుకుంటే పోతారని మా ఇంట్లో..."

నూకరత్నం అలవాటుగా సంచీలోంచి తొడుగులు తియ్యబోయింది. అప్పటికే హైమావతి లేచి, చేతులు కడుక్కుని, పీట వాల్చి, బిడ్డని ఆ పిల్ల ఒళ్ళోనే ఉంచి కాలి దగ్గర గుడ్డ విప్పుతోంది. నూకరత్నం తొడుగులు సంచీలో పెట్టేసి మళ్ళీ టీ గ్లాసు అందుకుంది.

"ఎవులన్నారే నువ్వు ముట్టుకుంటే పోతారని? గట్టిగా పట్టుకో. నువ్వే పట్టుకోవాల" అంది హైమావతి. "అద్గదీ. ఇప్పుడు మడమ ఇలాగ సూపించు."